ఏ దిక్కున?

సోమవారం ఉదయం మాస్టారి భార్య పైడమ్మ గారి ఫోను. "అమ్మా, మీ మాస్టారు మరి నేరమ్మా" అన్నారు. అప్పలనాయుడు మాస్టారి మరణవార్త చెవికి చేరింది గానీ మనసు అంగీకరించలేదు. వచ్చే ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాలని నిశ్చయించుకుని ఉన్నాను. ఏడాదిన్నరగా ప్రతి వారమూ అలాగే నిశ్చయించుకుంటున్నాను.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు కార్మికుని పుత్రుడాయన. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో పెరిగి, హిజ్లీ విద్యాలయంలో ప్రోటీన్ స్ఫటికాల అధ్యయనానికి జీవితం ధారపోసిన విద్వాంసుడు. స్ఫటికం మీద పడిన ఎక్స్‌రే కిరణాలు చెదిరి చుక్కలుగా నమోదవుతాయి. ఆ చుక్కలు ఎంత దూరం స్పష్టంగా ఉంటే ప్రోటీన్ రూపం అంత సూక్ష్మంగా తెలుస్తుంది. కొన్ని స్ఫటికాలు ఒక దిక్కున చాలా దూరం చుక్కలిస్తాయి, మరో దిక్కున మధ్యలోనే మసకబారతాయి. అయినా అందరం ఆ నాణ్యతను ఒకే అంకెలో చెప్పి చేతులు దులుపుకుంటాం. మాస్టారు ఆ అంకె వినగానే అడిగేవారు, "ఏ దిక్కున?"

ఈ పట్టుదల ఆయనకు పితృదత్తం. "మా అయ్య సుత్తితో సక్రం సుట్టూ కొట్టి సూసీవోడు. ఒకసోట కంగుమంటే సక్రమంతా మంచిదైపోద్దేటి?" అనేవారు.

ప్రేమ్ బజార్ టీ దుకాణంలో ఒకనాడు దుకాణం నడిపే దాదాను అడిగి బంగాళాదుంప తీసుకుని, కత్తితో ఒక పక్క లోతుగా చెక్కి నా చేతిలో పెట్టారు. "ఇదే నీ డేటా. గుండ్రంగా ఉందని సెప్పకు" అన్నారు. కంప్యూటర్ తెరమీద ఆయన రంగులతో గీయించే బొమ్మలన్నీ అలాంటి సొట్టదుంపలే. ఎక్కడ చూపు ఆనుతుందో, ఎక్కడ ఆనదో వాటిలో తేటతెల్లంగా కనిపించేది.

నేను మాత్రం గుండ్రంగానే చెప్పాను. ఒక మందు ప్రోటీన్‌కు ఎక్కడ అతుక్కుంటుందో కనుక్కున్నానని వ్యాసం రాసి, ఒకే అంకె వేసి సభలో చదివాను. మాస్టారు లేచి, నా డేటాకే బొమ్మ గీయించి అందరికీ చూపించారు. నేను చూశానన్నది తేలాల్సిన దిక్కునే పెద్ద గుంట. "లేనిదాన్ని సూసినానని ఎలాగ రాసినావమ్మా?" అన్నారు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఆయన గడప తొక్కలేదు.

ఆయనదే సరి అని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. వ్యాసం వెనక్కి తీసుకుని, గుంటను గుంటగానే చూపిస్తూ మళ్లీ రాశాను. మా ఇంటి నుంచి వాళ్లింటికి సైకిలు మీద పది నిమిషాలు. ఆ కాగితాలు పట్టుకుని వెళ్లడానికి నాకు అహం అడ్డొచ్చింది.

సంతాప సభకు నాలుగు మాటలు రాయమన్నారు. కరుణామూర్తి, శాంతస్వభావులు అని మొదలుపెట్టి పైడమ్మ గారికి చదివి వినిపించాను. ఆమె కన్నీళ్లలోనే నవ్వారు. "శాంతమేటమ్మా, ముక్కుమీద కోపం కదా ఆయనకి! ఒక్క మంచే రాత్తే ఏ దిక్కునని అడగరేటి?" కాసేపటికి మళ్లీ ఆమే అన్నారు: "సైకిల్ బెల్లు ఇనబడితే సాలు, మన అమ్మాయేనేటి సూడవే, అనీవోరు. ఈ రెండేళ్లూ అదే మాట."

ఆ కాగితం చింపేశాను. మాస్టారు కోపిష్ఠి. నలుగురిలో పరువు తీసేవారు. మెచ్చుకోలు ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ఆ కోపం వెనుక ఇంత ఎదురుచూపు ఉందని తెలుసుకోలేకపోయిన మూర్ఖురాలిని నేను. ఆయన వంటి గురువు మళ్లీ దొరకరు.

మాస్టారూ, సవరించిన వ్యాసం మీ పటం ముందు పెట్టాను. గుంట దాచలేదు. ఇకపై నేనేమి రాసినా, "ఏ దిక్కున?" అని అడిగే దిక్కు నాకు లేదు.