ఏనుగే మేలని సిఫారసు చేశాను

వేసవి సెలవుల హోంవర్కు ఢిల్లీలో ఎవరికిస్తారో తెలుసుగా? తల్లులకి. రెండో తరగతి చదివే మా అమ్మాయికి ‘ఏనుగునీ వేల్ షార్కునీ పోల్చండి’ అని ఇచ్చారు. వేల్ షార్కంటే తిమింగలమంత సొరచేపట, మనుషుల జోలికి రాదట. నోయిడా ఆఫీసులో రోజూ కొటేషన్లు పోల్చి, ఏది కొనాలో చెప్పి జీతం తీసుకునేదాన్ని, నాకిదో లెక్కా? ఆదివారమంతా కూర్చుని బరువు, పొడవు, తిండి, ఆయుష్షు అన్నీ గళ్ళు గీసి చార్టు చేశాను. అలవాటు కొద్దీ అడుగున ‘సిఫారసు: ఏనుగే మేలు’ అని కూడా రాసేశాను.

సెలవులయ్యాక ఇవాళ నన్ను స్కూలుకి రమ్మన్నారు. టీచరమ్మ ఆ చార్టు నా ముందు పరిచి, నవ్వాపుకుంటూ, "పోల్చమన్నాం మేడమ్, కొనమనలేదు" అంది.

గోడకి మాత్రం మా పిల్ల గీసిన బొమ్మ అంటించి ఉంది. రెండు జంతువులకీ చిన్న చిన్న కళ్ళు పెట్టి, కింద వంకర అక్షరాలతో హిందీలో రాసింది: ‘రెండూ ఇంత పెద్దవి. అయినా ఎవర్నీ కరవవు.’

"ఇదెప్పుడు గీశావే? నాకు చూపించలేదేం?" అని పక్కనున్న పిల్లనడిగాను.

"ఆదివారం. అప్పుడు నువ్వు నీ హోంవర్కు చేసుకుంటున్నావు కదా మమ్మీ" అంది, అదీ హిందీలోనే.

చార్టు చుట్టి చంకలో పెట్టుకుని వైశాలి వైపు వెళ్ళే మెట్రోలో ఇంటికొచ్చాం. మీ ఇళ్ళల్లో హోంవర్కు చేసే పెద్దవాళ్ళకి ఏ గ్రేడొచ్చిందో మొహమాటపడకుండా చెప్పండి. నాకు ‘సి’ వచ్చింది. మా పిల్లకి ‘ఎ’.