ప్లాట్‌ఫారం మీద పత్తి చేను

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఒక జూన్ మధ్యాహ్నం రైల్‌రోకో వల్ల మా బండి మహబూబాబాద్‌లో నిలిచిపోయింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక టీచరమ్మ ల్యాప్‌టాప్ తెరిచి, ముగ్గురు ఆడపిల్లలకు ప్రోగ్రాం రాయడం నేర్పుతోంది. వాన, ఎండ, నేలలో తడి, విత్తిన రోజు ఇస్తే పత్తి ఏమవుతుందో ఆ ప్రోగ్రాం చెబుతుంది.

ఒకమ్మాయి తమ చేని వివరాలే పెట్టింది. అందరిలాగే మిరుగం, అంటే మృగశిర కార్తె, మొదటి రోజునే విత్తినట్టు రాసింది. గడిచిన ఏళ్ల వానల లెక్కలతో ప్రోగ్రాం నడిపితే, చాలా ఏళ్లలో మొలక ఎండిపోయింది.

"వాన జర ఎక్కువ పెడ్త మేడం."

"వాన నీ చేతుల ఉన్నదా బిడ్డా? విత్తే దినం మార్చు."

నేల జానెడు లోతు తడిశాక విత్తితే చేను నిలిచింది. అమ్మాయి ముఖం మారింది.

"రేపే మిరుగం మేడం. మా నాయిన గింజలు పెడ్తడు," అంటూ ఫోన్ కలిపింది.

ఆగమంటే తండ్రి వినలేదు. టీచరమ్మ ఫోన్ అందుకుంది.

"పక్కా అని నేను చెప్పనన్నా. మా లెక్క తప్పొచ్చు. కాని పొడి దుక్కిల పెడ్తే గింజ పోతది. ఆగితే దినాలే పోతయి."

కాసేపు విని, ఫోన్ అమ్మాయికిచ్చింది. "ఆగుతడట," అంది.

అప్పటికి నేను ఉద్యోగంలో చాలా ప్రోగ్రాములు రాశాను. వాటి మాట విని ఎవరూ విత్తనాల సంచి పక్కన పెట్టలేదు.