అత్తయ్య డ్రైవు

మా మామయ్య ముప్పై ఏళ్లు సర్వేయరుగా పరాయివాళ్ల గట్లు కొలిచాడు. రిటైరయ్యాక కొలవడానికి ఇంట్లో పాత కంప్యూటరు ఒక్కటే మిగిలింది. దాని డిస్కును మూడు ముక్కలు చేశాడు. సి కంప్యూటరుకి, డి తనకి, చివర సామాన్ల కొట్టంత ఇ అత్తయ్యకి.

అత్తయ్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఎవరి భుజం ఎత్తు, ఎవరి చేయి పొట్టి, పదకొండేళ్ల కొలతలన్నీ ఇ డ్రైవులోనే ఉన్నాయి. ఆ వారం ఆసుపత్రిలో నలభై మంది నర్సులకు యూనిఫారాలు ఒప్పుకుంది. సోమవారానికి ఇవ్వాలి. వాళ్ల కొలతలూ అందులోనే.

మామయ్య డి నిండా ఉపన్యాసాల వీడియోలు. ఒక్కటైనా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. అయినా చోటు చాలలేదట.

"ఒరేయ్, మీ అత్తది సగం ఖాళీగా పడుంది. గట్టు కాస్త అటు జరుపుదాం."

"ముందు ఆవిడ ఫైళ్లు వేరేచోట దాచుదాం మామయ్యా. గట్టు జరగాలంటే కంప్యూటరు సామానంతా మోసి అవతల పెట్టాలి. మధ్యలో కరెంటు పోతే అంతే."

"గట్ల సంగతి నాకు చెప్తావా? నాలుగు పుస్తకాలు చదివేసరికి నెత్తిన కొమ్ములొచ్చాయి వీడికి!"

పెన్‌డ్రైవు నా జేబులోనే ఉంది. పంతానికి పోయి నోరు మూసుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే నామీద నాకే రోత.

గట్టు జరిపే పని మొదలైంది. గంటన్నరకి అరవై ఒక్క శాతం. అత్తయ్య గుండీలు కొనడానికి వెళ్లింది. నేను లైబ్రరీకి వెళ్లాను. ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది: ఆఖరున గడప దాటేవాళ్లు కరెంటు మెయిన్ దించాలి. మామయ్య పెట్టిందే. సాయంత్రం నడకకు బయల్దేరుతూ నిష్ఠగా దించేశాడు.

నేను తిరిగొచ్చి, మెయిన్ ఎత్తి కంప్యూటరు వేస్తే, ఇ తెరుచుకోలేదు. అంతా తుడిచి ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతోంది. అప్పుడే మామయ్య చెమట తుడుచుకుంటూ వచ్చాడు. దేన్నీ ముట్టుకోవద్దని ఆయనకు రెండుసార్లు చెప్పి, రిపేరు షాపుకి పరిగెత్తాను.

"ఎవరూ వేలు పెట్టకపోతే ఫైళ్లు చాలావరకు వెనక్కి లాగొచ్చు" అన్నాడు మెకానిక్ నాతో వస్తూ.

మేం వెళ్లేసరికి మామయ్య కుర్చీలో వెనక్కి వాలి, వీడియోలను ఇ లోకి ఎక్కిస్తున్నాడు.

"ఏం చేశావు మామయ్యా?"

"మాటిమాటికీ అడుగుతుంటే అవునన్నాను. చూడు, ఎంత చోటొచ్చిందో!"

మెకానిక్ కాసేపు కెలికి చేతులెత్తేశాడు. "పాతదాని మీదే రాసేశారు సార్. ఇక నా వల్ల కాదు."

"మరి ముందే గట్టిగా చెప్పాలి కదరా వెధవా!" అన్నాడు మామయ్య నాతో. ఆ ముఖంలో పశ్చాత్తాపం వెంట్రుకవాసైనా లేదు.

గుండీల పొట్లంతో గుమ్మంలో నిలబడి ఉంది అత్తయ్య.

"నలభై మందివీ పోయాయా?"

తలూపాను. ఆవిడ పొట్లం మిషను మీద పెట్టి, టేపు మెడలో వేసుకుంది.

"నోటుబుక్కు తీసుకుని నాతో రారా. డ్యూటీ మారేలోగా వెళ్తే సగం మందైనా దొరుకుతారు."

"మరి నా టీ?" అన్నాడు మామయ్య తెర మీంచి కళ్లు తిప్పకుండా. వీడియోలు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.

అత్తయ్య మెకానిక్‌నీ నన్నూ ముందు నడవనిచ్చి, గడప దాటుతూ మెయిన్ దించేసింది.