పిసకకూడని పిండి

గల్ఫ్‌లో, జింజ్ అనే పేటలో నేను పనిచేసిన ఇంటి మేడం ఐర్లండ్ మనిషి, ఆసుపత్రిలో నర్సు. తొంభైల్లో ఒక వేసవిలో వాళ్ళమ్మ వచ్చింది. భర్త పోయి ఒంటరిదైందని కూతురే బతిమాలి తెప్పించుకుంది. వచ్చిన పెద్దావిడ ఏసీ గదిలో తెరలు దించుకుని పడుకుంది, ఇక లేవదు. టీ తప్ప ఏదీ ముట్టదు. మేడం డ్యూటీకి వెళ్తూ నా చేయి పట్టుకుని, ఏదో ఒకటి తినిపించమని వచ్చీరాని హిందీలో చెప్పి ఏడ్చేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. నాకు భయం వేసింది.

ఉప్మా పెట్టాను, పప్పన్నం పెట్టాను. ప్లేటు వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది. చివరికి మేడం వాళ్ళ ఊరి రొట్టె చెప్పింది. మైదా, ఉప్పు, వంటసోడా, కోల్డ్ స్టోర్ అని పిలిచే అక్కడి కిరాణా కొట్లో లబన్ పేరుతో అమ్మే చిక్కటి మజ్జిగ. కలిపి ఓవెన్లో పెట్టడమేనట. నేను కలిపిన పూరీ పిండికి మా అత్తగారే వంక పెట్టలేకపోయింది, ఈ రొట్టె నాకో లెక్కా!

మేడం వెళ్ళగానే గట్టు మీద పిండి పోసి మొదలుపెట్టాను. గుద్దాను, మడిచాను, ఎత్తి గట్టుకేసి కొట్టాను. పిండి ఎన్ని దెబ్బలు తింటే రొట్టె అంత మెత్తన అని నా నమ్మకం. గూట్లో గ్లాసులు గలగలలాడాయి.

వెనక నుంచి "నో! నో! నో!" అని కేక. తిరిగి చూస్తే పెద్దావిడ! నలిగిన నైటీ, రేగిన తెల్లజుట్టు, ఒక కాలికే చెప్పు. మంచం దిగని మనిషి పరుగున వచ్చి నా చేతి మీద చెళ్ళున ఒకటేసింది.

"అయ్యబాబోయ్, ఇదేటండీ అమ్మా! పడిపోతారండీ!" అన్నాను.

ఆవిడ తన భాషలో నన్ను దులిపేసి, నా పిండిముద్దను తీసి చెత్తబుట్టలో పడేసింది. ధడేలుమంది. ఆ మోతకి ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో తెలీదు గానీ, ఇక ఆగితేనా! నేను పొట్ట పట్టుకుని నేల మీద కూలబడ్డాను. ఆవిడ ఫ్రిజ్‌ని పట్టుకుని నవ్వీ నవ్వీ, పిండి చేతుల్తో కళ్ళు తుడుచుకుని మొహమంతా తెల్లగా చేసుకుంది.

తర్వాత ఆవిడే కలిపింది. వేళ్ళు చాచి నాలుగు తిప్పులు తిప్పింది, అంతే. పైన కత్తితో అడ్డంగా, నిలువుగా గాటు పెట్టి, ఏదో బయటికి పోవాలన్నట్టు వేళ్ళు ఎగరేసి చూపించింది. ఆవిరి కాబోలనుకున్నాను. చిట్టిదయ్యాలు పోవడానికని సాయంత్రం మేడం చెప్పింది. మనం పిల్లలకి దిష్టి తీస్తాం, వాళ్ళు రొట్టెకి తీస్తారన్నమాట!

వేడి రొట్టెకి వెన్న రాసి నాకో ముక్క ఇచ్చి, తనూ తింది. ఇంకోటి తింది. నేను ఆవకాయ నంజుకుంటుంటే అదీ నాకి చూసి, గంతేసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. సాయంత్రం మేడం సగమైన రొట్టెను చూసి గుమ్మంలోనే ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసి నాకెంత సంతోషమేసిందో!

మర్నాడు మేడం వెళ్ళిపోయాక చూస్తే, పెద్దావిడ గది తలుపు మళ్ళీ మూసే ఉంది. నేను పిండి కలిపాను. ఎలా కలపాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ తలుపు వైపు ఓ కన్నేసి, ముద్దను ఎత్తి గట్టుకేసి ధబీమని కొట్టాను.

"నో! నో! నో!" అంటూ తలుపు తెరుచుకుంది.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ రొట్టె చేయడం నాకు రానే లేదు.