పగలు ఎవరుంటారు

కొబ్బరి పొట్టును ఇటుకల్లా నొక్కి, ప్లాస్టిక్ కాగితం చుట్టి మా నర్సరీకి పంపుతారు. వాటిని నీళ్ళ తొట్టిలో నానబెట్టడం ఇక్కడ, న్యూజిలాండ్‌లో, వారానికి రెండుసార్లు నా పని. నీళ్ళు తగిలిన కాసేపటికి ఇటుక విచ్చుకుని వాసన లేస్తుంది. నాతో పనిచేసేవాళ్ళకి అది వట్టి మట్టివాసన. నాకు మాత్రం కడియం కాలవగట్టు, తడిసిన గోనెపట్టాలు, సున్నం డబ్బా, వాటి మధ్య లుంగీ ఎగ్గట్టి నిలబడ్డ మా రత్నం గారు కళ్ళముందుకు వస్తారు. ఆయన దగ్గర నేను తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆయన చెప్పినవాటిలో చాలా నేర్చుకున్నాను. వినవలసిన ఒక్క మాట మాత్రం చెవిన పెట్టలేదు. ఇది ఆ మాట గురించే.

రత్నం గారి నర్సరీ పెద్దదేమీ కాదు. చుట్టుపక్కలవాళ్ళు గేటు ముందు రంగురంగుల పూలకుండీలు పెట్టి కార్లను ఆపుతుంటే, ఈయన లోపల ఎదిగిన చెట్లను పెంచేవారు. వేళ్ళ చుట్టూ మట్టిముద్ద చెదరకుండా తవ్వి, గోనెపట్టా చుట్టి, లారీకెక్కించి దూరప్రాంతాలకు పంపడం ఆయన విద్య. లారీల లెక్కలు, ఆర్డర్లు, ఫోన్లు నేను చూసుకునేవాణ్ణి. ఆయన ముక్కుసూటి మనిషి. కొనడానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చి, మూడు ప్రశ్నలు అడిగేవారు. "ఏ ఊరండీ? నీళ్ళు మంచివా, ఉప్పగా ఉంటాయా? పగలక్కడ ఎవరుంటారండీ?" మొదటి రెండూ ఎవరికైనా అర్థమవుతాయి. మూడోది విని జనం బిత్తరపోయేవారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక బిల్డరు, "వాచ్‌మన్ ఉంటాడండీ" అన్నాడు. "వాచ్‌మన్ గేటు దగ్గరుంటాడండి. చెట్టు దగ్గర ఎవరుంటారు?" అన్నారు ఈయన. ఆ బిల్డరు లేచి పక్క నర్సరీకి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మేమంతా చాటుగా, రత్నం గారు చెట్టు అమ్మరు, పిల్లనిస్తారు అని నవ్వుకునేవాళ్ళం. ఒకసారి ఆ మాట ఆయన చెవిన పడింది. కోప్పడతారనుకున్నాం. లోపలికి వెళ్ళిపోయారు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. చెట్టును తవ్వకముందే మొదలు మీద తూర్పువైపు సున్నంతో బొట్టు పెట్టించేవారు. కొత్తచోట నాటేటప్పుడు ఆ బొట్టు మళ్ళీ తూర్పుకే రావాలి. చేరిన ఏడాదిలో ఒకరోజు తొందరలో నేను ఆ పని చూడలేదు. ఇరవై నాలుగు పొగడ చెట్లు బొట్టు లేకుండా లారీ ఎక్కేశాయి. సంగతి తెలిసి ఆయన లారీని వేమగిరి దగ్గర ఆపించి వెనక్కి రప్పించారు. డ్రైవరు నన్ను తిట్టని తిట్టు లేదు. చెట్లు తవ్వేశాక తూర్పేదో ఎలా తెలుస్తుందని నేను నీళ్ళు నములుతుంటే, ఆయన లారీ ఎక్కి ఒక్కొక్క మొదలునూ అరచేత్తో చుట్టూ తడమడం మొదలుపెట్టారు. మధ్యాహ్నపు ఎండ తిన్న వైపు బెరడు గరుకుగా ఉంటుందట, నీడ వైపు నున్నగా ఉంటుందట. ఇరవై నాలుగింటికీ అలా తడిమి తడిమి, దాన్నిబట్టి తూర్పు పోల్చుకుని, తానే బొట్లు పెట్టారు. దిగాక నా మొహం చూసి అన్నారు, "లేత వైపుకి ఒక్కసారిగా ఎండ తగిలితే బెరడు పేలిపోద్దయ్యా ప్రసాదూ. వెంటనే తెలీదు. ఆకులు పచ్చగానే ఉంటాయి. నాలుగు నెల్ల తర్వాత తెలుస్తాది." ఆ తర్వాత నేను బొట్టు ఏనాడూ మరవలేదు. మనిషి విషయంలో మరిచాను.

నాకు ఇక్కడ ఉద్యోగం ఖాయమైనప్పుడు మా పాప సారాకు మూడేళ్ళు. ఉండడానికి రెండు చోట్లున్నాయని కంపెనీవాళ్ళు ఫోటోలు పంపారు. ఒకటి తోటలోనే విడి ఇల్లు. చుట్టూ పచ్చిక, కొండలు, వెనక చిన్న వాగు. పనిలోకి నడిచి వెళ్ళేంత దూరం, అద్దె నామమాత్రం. రెండోది అక్కడికి ముప్పావుగంట దూరాన ఉన్న ఊళ్ళో, బట్టలుతికే దుకాణం మీద రెండు గదులు. కింద బస్టాపు, ఎదురుగా పసిపిల్లల బడి, మలుపులో చర్చి. ఆ గదుల కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ కనిపిస్తుంది. ఎవడైనా ఏది కోరుకుంటాడు? నేను మొదటిదానికి సరేనని ఆ పూటే జవాబు రాసేశాను. రాశాక నా భార్య కరుణకు చూపించాను. అప్పుడు తను ఆత్రేయపురంలో వాళ్ళ పుట్టింట్లో ఉంది. ఆ వీధిలో ఇంటింటా పూతరేకులు తీస్తారు. వేడెక్కిన కుండ మీద పిండిబట్ట లాగుతూ, రేకు లేపుతూ, ఈ అరుగు నుంచి ఆ అరుగుకి ఆడవాళ్ళు పొద్దుట మొదలుపెట్టిన కబురు సాయంత్రానికి గానీ పూర్తికాదు. కరుణ ఆ కబుర్ల మధ్యే పుట్టి పెరిగింది. చేతికంటిన పిండి పైటకు తుడుచుకుని, ఫోను తీసుకుని, ఫోటోలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి, "ఇందులో మనుషులెవరూ లేరేంటండీ?" అంది. "ఇల్లు చూడమంటే మనుషుల్ని వెతుకుతావేంటే" అని నవ్వేశాను. పక్కనున్న పిన్నిగారు కూడా నవ్వింది. తనూ నవ్వి ఫోను ఇచ్చేసింది.

ఆ ఫోటోలే మర్నాడు రత్నం గారికి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను. "పగలెవరుంటారయ్యా అక్కడ?" అన్నారు. నేను పనిలో ఉంటానని, అది అయిదు నిమిషాల నడకేనని, కరుణా పాపా ఇంట్లో ఉంటారని చెప్పాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, కాలవగట్టు మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు. అంతవరకూ ఆయన మస్కట్‌లో పనిచేశారని మాకు తెలుసు గానీ, భార్య వరలక్ష్మి అమ్మగారినీ కూతుర్నీ కూడా తీసుకెళ్ళారని తెలియదు. ఆయనకొక కూతురు ఉండేదన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఆయన చెప్పింది ఇది. కంపెనీ ఊళ్ళో ఒక గది ఇచ్చిందట. ఆ మేడనిండా మనవాళ్ళే. అక్కడినుంచి తోటకి గంటన్నర వ్యాను ప్రయాణం. రెండు నెలలకే విసుగెత్తి, తోటకి దగ్గరలో, ఎడారిలో ఒంటిగా ఉన్న ఇంట్లోకి కాపురం మార్చారు. వేసవిలో ఒక పగలు పాపకు జ్వరం వచ్చి ఫిట్స్ మొదలయ్యాయి. ఈయన తోటకి అవతలి చివర ఉన్నారు. ఇంట్లో ఫోను లేదు. అమ్మగారు పాపను భుజాన వేసుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డారు. "గంటంపావుకి ఒక లారీ వచ్చిందయ్యా. ఆపాడు, పాపం మంచోడే. అప్పటికే పాప వాళ్ళమ్మ భుజం మీద పోయింది. ఆవిడకి తెలీలేదు. ఆస్పత్రి దాకా ఊపుతానే ఉంది." ఆయన గొంతు కొంచెం కూడా మారలేదు. నీళ్ళు ఉప్పగా ఉంటాయని చెప్పినట్టే చెప్పారు.

అయినా నా వాదన నాకుంది. "అప్పుడంటే ఫోన్లు లేవు గదండీ. ఇప్పుడు నిమిషంలో..." అన్నాను. "ఫోను చేస్తే ఎవరు రావాలి ప్రసాదూ?" అన్నారు. ఆయన దురదృష్టాన్ని నాకెందుకు అంటగడతారన్న చిరాకు మనసులో కలిగింది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను. ఇంటి విషయం మళ్ళీ ఆలోచిస్తానని ఆయనకి చెప్పి వచ్చాను. ఆలోచించలేదు. కొండల పక్కన, వాగు ఒడ్డున ఆ ఇంట్లోనే దిగాం.

మొదటి నెల ఫోటోలు తీసుకోవడంతో సరిపోయింది. రెండో నెలలో చలీ వానా మొదలయ్యాయి. కరుణకు కారు నడపడం రాదు. దుకాణానికి వెళ్ళాలంటే ఆదివారం దాకా నాకోసం ఆగాలి. పేరుకి అయిదు నిమిషాల నడకే గానీ, పగలంతా నన్ను ఒక చివరినుంచి ఇంకో చివరికి ట్రాక్టరు మీద పంపేవారు. పుట్టింటికి వీడియో కాల్ చేద్దామంటే ఇక్కడ పగలు అక్కడ తెల్లవారుజాము. రత్నం గారు మాత్రం రెండుసార్లు ఫోను చేశారు. మొదటిసారి, "ఎండ ఏ వైపునుంచి వస్తాదయ్యా మీకు?" అని అడిగారు. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి ఉంటాడని చెబితే పడీపడీ నవ్వారు. "అయితే నా సున్నం బొట్టు మీ దేశంలో చెల్లదన్నమాట!" అని, ఆ వెంటనే, "పగలెవరుంటన్నారు?" అన్నారు. పక్కింటివాళ్ళు చాలా మంచివాళ్ళండీ అన్నాను. పక్కిల్లే లేదు. రెండోసారి పక్కింటావిడ పేరేమిటని అడిగారు. నోటికొచ్చిన పేరేదో చెప్పాను. "మంచిదయ్యా, మంచిది" అన్నారు. ఆ గొంతులో అంత తేలికదనం నేనెప్పుడూ వినలేదు.

మూడో నెలలో పార మరిచిపోయి ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. సన్నగా జల్లు పడుతోంది. గేటు బయట, రోడ్డు పక్కన కరుణ నిలబడి ఉంది. భుజం మీద సారా. ట్రాక్టరు దిగి పరుగెత్తి పాప ఒళ్ళు తడిమి చూశాను. జ్వరం లేదు. నిద్రపోతోంది. ఏమైందని అరిచాను. "ఏం లేదండి" అంది కరుణ. "పాల వ్యాను వెళ్ళే టైము. ఆ అబ్బాయి చెయ్యి ఊపుతాడు." రోజూ ఇక్కడ నిలబడతావా అంటే, అవునని తలూపింది. వర్షం వచ్చినా? మళ్ళీ తలూపింది. "పాప ఈమధ్య మాట్లాడటం తగ్గించేసిందండి. నేనొక్కదాన్నే ఎంతని మాట్లాడను?" అంది. ఏడవలేదు. ఆకులు పచ్చగానే ఉంటాయన్న మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది.

బట్టలుతికే దుకాణం మీద గదులు అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. అదే వీధిలో ఇంకోటి దొరికేదాకా మరో అయిదు వారాలు ఆ కొండల పక్కనే ఉన్నాం. ఆ అయిదు వారాల్లోనే రత్నం గారు పోయారు. పొద్దున్నే చెట్లకి నీళ్ళు పెట్టిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డారని నర్సరీ నుంచి కబురు వచ్చింది. అమ్మగారితో మాట్లాడటానికి నాకు వారం పట్టింది. పరామర్శ మాటలేవో అన్నాక ఉండబట్టలేక చెప్పేశాను. "అమ్మగారూ, నేను ఆయనతో అబద్ధం చెప్పానండి. మాకు పక్కింటివాళ్ళు లేరు. చుట్టుపక్కల ఎవరూ లేరు."

"ఆయన నమ్మారు బాబూ" అన్నారావిడ. "నీతో మాట్లాడినప్పుడల్లా ఆ పూట అన్నం ఇష్టంగా తినేవారు. పోనీలే." మళ్ళీ తనే అన్నారు, "అయినా ఆ మాట ఆయనది కాదు బాబూ, నాది. ఎడారిలోకి ఇల్లు మారుద్దామంటే, పగలక్కడ ఎవరుంటారండీ మాకు అని నేనే అడిగాను. ఆయన నవ్వేసి, సామాను సర్దుకో అన్నారు. ఆ తర్వాత ఆయన్ని నేనేమీ అడగలేదు. కనపడినోళ్ళందర్నీ ఆయనే అడగడం మొదలెట్టారు."

ఇప్పుడు మేం ఊళ్ళోనే ఉంటున్నాం. సారా బడికి వెళుతోంది, వాగుడుకాయ అయింది. సాయంత్రం ఇంటికి రాగానే, పగలు ఎవరొచ్చారని కరుణను అడుగుతాను. పైమెట్లు ఎక్కడానికి చెయ్యందించమన్న ముసలావిడ, చర్చి నుంచి వచ్చిన ఇద్దరు, కింద దుకాణంలో పిల్ల, అన్నీ చెబుతుంది. రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా తప్పకుండా అడుగుతున్నాను. మొన్న ఈ ఇల్లు కూడా ఖాళీ చేయవలసి వచ్చి, వేరే చోట్ల ఫోటోలు కరుణ ముందు పెట్టాను. ఈసారి దేనికీ సరేనని రాయకముందే పెట్టాను. అన్నీ మెల్లగా చూసింది. ఇందులో మనుషులెవరని ఈసారి అడగలేదు. ఎలా ఉందని అడిగాను. "మీ ఇష్టమండి" అని ఫోను తిరిగి ఇచ్చేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.