వీరగల్లుకు నేను అల్లిన కథ

సాంఘిక శాస్త్రంలో తప్పీ తప్పీ ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి తీసుకొచ్చి మ్యూజియంలో చరిత్రకు కాపలా పెట్టారు. చేరిన కొత్తలో ఒకరోజు విగ్రహాల మధ్య స్టూలేసుకుని కునుకు తీస్తుంటే, ఒక పెద్దాయన నా ముందు నిలబడి చాలాసేపు చూసి, "దీనికి బోర్డు పెట్టలేదే?" అన్నాడు. వెటకారానికి అన్నాడో, కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చాడో ఇప్పటికీ తెలియదు.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పన్నెండేళ్ళుగా చచ్చిపోయినవాళ్ళ కత్తులకూ కుండలకూ కాపలా ఉన్నాను. "నా చెంబు నాకియ్యప్పా" అని ఒక్కరూ రాలేదు. అందుకే ఇప్పుడు చెప్పేదాన్ని కూడా దయ్యం కథ అనను. ఏం కథో నాకు తెలియదు, అంతే.

మా కోట మైదుకూరుకు అవతల, గుట్ట మీద ఉంది. పాళెగాళ్ళు కట్టుకున్నారు. తర్వాత నవాబుల మనుషులు మందుగుండు దాచారు. తెల్లదొరలు ఖైదీలను పెట్టారు. ఆ తర్వాత చాలాకాలం మేకలు ఏలాయి. చివరికి పురావస్తు శాఖవాళ్ళు కంచె వేసి, పాత ధాన్యపు కొట్టును మ్యూజియం చేశారు. గవిని, అంటే కోట పెద్ద వాకిలి, దాని బయట పొదల్లో ఉన్న వీరగల్లును తెచ్చి ఆ కొట్టులో నిలబెట్టారు.

పోరులో చచ్చిన మనిషి గుర్తుగా నాటే రాయి అది. కత్తి పట్టిన మనిషి, వెనక ఒక ఆవు. కింద నాలుగు వరసల అక్షరాలు అరిగిపోయి ఎవరికీ చదవడానికి రావు. బోర్డు మీద "వీరగల్లు" అని తప్ప ఏమీ లేదు. పిల్లలు ఊరుకుంటారా? "ఎవరు సార్ ఈయన?" అంటారు. జీవితంలో నన్ను సార్ అన్నది వాళ్ళే. ఆ మర్యాద పోగొట్టుకోలేక ఒక కథ అల్లాను.

శత్రువులు మీదికొచ్చారు. కోటవాళ్ళు గవిని మూసేశారు. ఈయన ఇంకా బయటే ఉన్నాడు. లోపల గడియ దగ్గర ఉన్నది ఈయన సొంత అన్న. ముందు ఆవు మెడలో గంట వినిపించింది. తర్వాత చేతి కడియంతో తలుపు మీద మూడు దెబ్బలు. "అన్నా" అని ఒక్క పిలుపు. అన్న గడియ తీయలేదు.

ఇక్కడ ఆపి, "అన్నదమ్ముల గొడవలు మనకేం కొత్తా?" అంటే పిల్లల వెంట వచ్చిన అయివార్లు నవ్వేవాళ్ళు. వీరుడి పేరు మాత్రం రోజుకొకటి పెట్టేవాణ్ణి. ఒకసారి మా ఆఫీసరు పేరే పెట్టాను. మిగతాదేదీ ఎప్పుడూ మారలేదు. ఎందుకు మారలేదో అప్పట్లో ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం బద్వేలు వైపు నుంచి ఒక అవ్వ ఒంటరిగా వచ్చింది. చేతిసంచిలో నూనె సీసా ఉంది. ఆమె మనవరాలు బడి పిల్లలతో వచ్చి ఈ కథ విని, ఇంట్లో చెప్పిందట.

"గవిని కత చెప్పే ఆయప్ప నువ్వేనా?"

"నేనేవ్వా. నవ్వేటోళ్ళకు ఒకసారి, నవ్వనోళ్ళకు రెండుసార్లు చెప్తా."

ఆమె నవ్వలేదు. "నీకెవురు చెప్పినారు నాయనా?"

ఆమె భర్త తరపువాళ్ళు ఒకప్పుడు ఈ కోట కిందే ఉండేవాళ్ళట. గడియ తీయని ఆ అన్న వాళ్ళ వంశపు పెద్ద. సిగ్గుతో ఆ సంగతి ఇంటి పెద్దకోడలికి తప్ప ఎవరికీ చెప్పరట. ఏటా ఆ కోడళ్ళే వచ్చి, తమ్ముడి రాయికి నూనె రాసి, "తలుపు తీసినాం, లోపలికి రా" అని పిలిచి పోయేవాళ్ళు. కంచె వేశాక వచ్చి చూస్తే రాయి లేదు. ఎవరో పగలగొట్టారనుకుని మానేశారు. అప్పటినుంచి ఆమె ఇద్దరు కొడుకులకూ మాటల్లేవు. ఇప్పుడు చిన్నకొడుకు ఆసుపత్రిలో ఉంటే పెద్దకొడుకు చూడటానికి కూడా పోలేదు.

"నాకు చూపు ఆనదు, రాయిని గుర్తుపట్టలేను. వేరే రాయికాడ నిలబడి పిలిస్తే ఆయప్ప ఇంటాడా? నువ్వు చెప్పే కతొక్కటే ఆనవాలు. ఇది మాదేనా, కాదా?"

ఇక తమాషా చేయబుద్ధి కాలేదు. "అవ్వా, అది నేను అల్లింది. పిల్లోళ్ళ కోసరం చెప్పిన అబద్ధం."

"అల్లినావా?" అని ఆమె నా వైపే చూసింది. "సరే, ఇంగొంచెం అల్లు. ఆఖరున ఏమన్నాడు?"

ఎన్ని వందలసార్లు చెప్పినా నా కథ ఆ పిలుపు దగ్గరే ఆగేది. ఆ తర్వాతది నేనెప్పుడూ ఊహించలేదు. ఏదో ఒకటి అనేసి బయటపడదామని నోరు తెరిచాను.

"'నన్నొద్దులే అన్నా. దూడనన్నా లోపలికి తీస్కో' అన్నాడవ్వా."

రాతి మీద దూడ లేదు. తర్వాత దగ్గరికి పోయి వేళ్ళతో తడిమి మరీ చూశాను. ఆవు ఒక్కటే ఉంది.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద కూలబడింది. "అదే మాట," అంది. "మా అత్త నాకు చెప్పిన మాట అదే."

నూనె రాయడానికి రూల్సు ఒప్పుకోవని చెప్పాను.

"నూనె వద్దులే. తలుపు తీయి. మీరు మోసుకొచ్చి పెట్టినారే గానీ, ఆయప్పను ఎవురూ పిలవలేదు గదా."

కొట్టు తలుపు ఒక రెక్క పగలంతా మూసే ఉంచుతాం. పొద్దున ఊడ్చేటప్పుడు రోజూ నేను తీసే గడియే అది. ఆరోజు చెయ్యి ఆడలేదు. రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. అవ్వ రాయికి ఎదురుగా నిలబడి, మెల్లగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు పిలిచింది. గాలి వీయలేదు. ఏ చప్పుడూ కాలేదు. అవ్వ కళ్ళు తుడుచుకుని బస్సుకు పోయింది. సాయంత్రం ఆ తలుపు మూయడం మాత్రం నా వల్ల కాలేదు. తోటి వాచ్‌మన్ మస్తాన్‌ను బతిమాలి మూయించాను.

ఆ వారంలోనే పెద్దకొడుకు ఆసుపత్రికి పోయాడని అవ్వ ఫోను చేసి చెప్పింది. అన్న కదా, ఎప్పటికైనా పోతాడు. దానికీ దీనికీ నేను ముడిపెట్టను.

మాది ఆలూరు వైపు. మా అమ్మను అడిగాను, మా పెద్దనాన్నను అడిగాను. మా వాళ్ళెవరూ ఈ దిక్కుకే రాలేదన్నారు. రిజిస్టరు తీయించి చూశాను. రాయి కొలతలూ, దొరికిన చోటూ తప్ప ఏమీ లేవు. చిన్నప్పుడు ఎక్కడో విని ఉంటానా అంటే, పెద్దకోడళ్ళకు తప్ప తెలియని మాట నా చెవిన వేసేదెవరు? ఇప్పుడు పిల్లలు అడిగితే "తెలియదమ్మా" అంటున్నాను. నిజంగానే తెలియదు.

ఇంట్లో మాత్రం బింకం పోకూడదు కదా. "పోయిన జన్మలో ఆ వీరుణ్ణి నేనేనేమో" అన్నాను. మా ఇంటామె చింతపండులో గింజలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"నువ్వు వీరునివా? గంట ఇనపడె, కడియం ఇనపడె, మాట ఇనపడె అంటావే గానీ, బయట ఏం కనపడిందో ఒక్కనాడన్నా చెప్పినావా? యాడ నిలబడి ఇన్నావో ముందు అది చూసుకో."