తూకం తగ్గిన గుండ్లు

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు పోవడమే. బరువంతా పడింది ఇంకొకాయన మీద. నేను వేళకు తిని, వేళకు పడుకుంటూనే ఉన్నాను.

అమెరికాలో మేముండే చాండ్లర్ ఊళ్ళో ఒక రిటైర్డ్ డాక్టర్ గారున్నారు. పేరు చెప్పను. గుంటూరు మనిషి, ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళు. ఆయనకు తుపాకుల పిచ్చి. ఒకసారికి ఒక్క తూటాయే పట్టే పాతకాలపు రైఫిళ్ళు. వాటి తూటాలు ఇంట్లోనే తయారు చేసుకోవాలి. ఇత్తడి కేసులోకి బ్లాక్ పౌడర్‌ని, అంటే నల్లటి తుపాకి మందుని, పొడవాటి గొట్టంలోంచి నిదానంగా జారవిడిచి, పైన అట్టబిళ్ళ పెట్టి, దాని మీద సీసపు గుండు కూర్చాలి. ఐదువందల మీటర్ల దూరాన నిలబెట్టిన ఇనుప పొట్టేలును పడగొట్టడానికి ఇంత తతంగం! డెబ్బై దాటిన ఆయనకీ, నలభై దాటిన నాకూ వేరే పని లేదు మరి.

నాకు ఇదంతా నేర్పింది ఆయనే. ఆయనకి నడుం నొప్పి కాబట్టి సీసం కరిగించి ఇద్దరికీ గుండ్లు పోసేది నేను. పోసిన ప్రతి గుండునూ తూచాలి. లోపల గాలి బుడగ ఉన్నా పైకి నున్నగానే కనిపిస్తుంది, తూకంలో మాత్రం తగ్గుతుంది. అలాంటిది పేలిస్తే ఎటు పోతుందో చెప్పలేం. దాన్ని తీసేసి మళ్ళీ కరిగించాలి.

పార్టీల్లోనూ, తుపాకులు పేల్చే రేంజ్‌లో తెల్లవాళ్ళ ముందూ ఆయన నన్ను ఒకే మాటతో పరిచయం చేసేవారు. నేను ఆయనకి గుండ్లు పోసే కుర్రాణ్ణట. ఆఫీసులో ఇరవైమంది నా కింద పనిచేస్తారు. పైకి నవ్వేవాణ్ణి, లోపల ఉడికిపోయేవాణ్ణి. పైగా ప్రతి మ్యాచ్‌లోనూ ఆయనే ముందు. అంత చిన్న మాటకేనా ఈ పని చేశాను? అవును, అంత చిన్న మాటకే. నా బుద్ధి అంతే.

ఏడేళ్ళ కిందట, మార్చిలో జరిగిన మ్యాచ్‌కి ముందు, కరిగించాల్సిన గుండ్లను ఆయన పెట్టెలో కలిపాను. రెండింటికొకటి చొప్పున. పౌడర్‌ని రెండేసిసార్లు తూచే ఆ మహానుభావుడు నా గుండ్లను ఒక్కసారి కూడా తూచలేదు. నమ్మకమట. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

మ్యాచ్‌లో ఆయన పేలుస్తుంటే, వెనక టెలిస్కోప్‌లో చూసి గుండు ఎక్కడ పడిందో చెప్పే పని నాది. పది పొట్టేళ్ళలో ఐదు కదల్లేదు.

"గాలేమైనా మారిందేమిటోయ్?"

"లేదండీ. స్టడీగానే ఉంది."

"మరి గుండు పక్కకి ఎందుకు పోతోంది? చెయ్యి కదిలిపోయేలా ట్రిగ్గర్ గుంజేస్తున్నానా?"

"కొంచెం గుంజుతున్నట్టే ఉందండీ, డాక్టర్ గారూ. ఏజ్ కదా."

గుండ్లు మార్చింది ఒక ఎత్తు. ఈ ఆఖరి మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఎవరు అడిగారు నన్ను? గాలి మారిందని అబద్ధమాడినా సరిపోయేది కదా!

ఆ రోజు కప్పు నాకే వచ్చింది. ఆయన మర్నాడే కళ్ళు చూపించుకున్నారు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారు. దాంతో ఆయన భయం రెట్టింపైంది. కళ్ళు కాకపోతే మెదడే అని తనకు తానే తేల్చేసుకున్నారు, డాక్టర్ కదా. ఎన్ని పరీక్షల్లో ఏమీ లేదని తేలినా నమ్మలేదు. రైఫిల్ అమ్మేశారు. ప్రతి మంగళవారం ఉచిత క్లినిక్‌లో పేద రోగుల్ని చూసేవారు, అదీ మానేశారు. గురి తప్పిన మనిషి మందులు రాయకూడదట. ఆ క్లినిక్‌కి వెళ్ళే రోజు ఉదయం ఆయన ముఖంలో ఉండే ఉత్సాహం నాకు బాగా తెలుసు. ఇప్పుడు మంగళవారాలు టీవీ ముందు కూర్చుంటున్నారు.

దీన్ని మించింది ఇంకొకటుంది. మిగతావాళ్ళంతా మొహమాటపడితే నేనొక్కణ్ణే ఉన్న మాట చెప్పానని పదిమందిలో నన్ను మెచ్చుకుంటారు. నేను తల వంచుకుంటాను. అది వినయమనుకుంటారు.

చెప్పేయొచ్చు కదా అంటారు మీరు. ఇప్పుడాయనకి ఎనభై. చెబితే ఆ ఏడేళ్ళు తిరిగొస్తాయా? ఇదిగో, ఈ తెలివైన ప్రశ్న చాటున కూడా దాక్కుంటున్నాను. అసలు సంగతి భయం. ఆయనకి చెప్పే దమ్ము లేక, ముక్కూమొహం తెలియని మీకు, పేరైనా పెట్టకుండా రాస్తున్నాను. మీరు మాత్రం పోనీలే అనకండి. ఆ మాట అనాల్సింది మీరు కాదు.

ఆ రోజు ఆయన కంటికీ, చేతికీ, మెదడుకీ ఏ లోపమూ లేదు. పాడు గుండ్లని తెలిసీ ఇచ్చింది నేను. రాసేశాను. ఛాతీ కాస్త తేలికపడింది. దానికైనా సిగ్గుండాలి.